తుప్పు కింద ట్రక్కు

1947 వేసవిలో షెవర్లే కంపెనీ అమెరికాలో కొత్త వరస ట్రక్కుల్ని దించింది. ఆ వరస పేరు అడ్వాన్స్ డిజైన్. యుద్ధం ముగిసి రెండేళ్లయింది. రైతులూ వడ్రంగులూ చిన్న వ్యాపారులూ కొత్త బండ్ల కోసం కాచుకుని ఉన్నారు. ముందు అయిదు అడ్డకమ్మీల గ్రిల్లు, ఉబ్బెత్తు మడ్‌గార్డులు, రెండు ముక్కలుగా బిగించిన ముందు అద్దం, వెనక చెక్క పలకలు పరిచిన తొట్టి. ఇందులో అరటన్ను పికప్‌కి 3100 అని నంబరిచ్చారు. 1955 మొదట్లో ఈ వరస ఆగిపోయింది కానీ బండ్లు ఆగలేదు. పొలాల్లో ఏళ్ల తరబడి చాకిరీ చేసి, ఇక కదలలేమన్నప్పుడు కొట్టాల వెనక గడ్డిలో నిలబడిపోయాయి.

వాటిని బయటికి లాగి, సెలవు రోజుల్లో ఇంటి గ్యారేజీలోనే బాగుచేసుకునే ఔత్సాహికులు అమెరికా అంతటా ఉన్నారు. చాలామందికి ఇది వృత్తి కాదు. వెల్డింగ్ మిషన్ పట్టుకోవడం కూడా ఈ బండి కొన్నాకే నేర్చుకున్నవాళ్లున్నారు. వీళ్లలో ఒక మంచి అలవాటుంది. పని సాగిన కొద్దీ ఫొటోలు తీసి తోటివాళ్లకు చూపిస్తారు. రంగు వేసి మెరుస్తున్న బానెట్‌నే కాదు, విరిగిన బోల్టునూ చూపిస్తారు, వంకరపోయిన తలుపునూ చూపిస్తారు. కొత్తగా చేతులు పెట్టేవాడికి ఆ మెరిసే ఫొటో కంటే ఈ విరిగిన బోల్టే ఎక్కువ పనికొస్తుంది.

పాత పికప్‌నే ఎందుకు ఎంచుకుంటారంటే, అది విప్పితే అర్థమయ్యే బండి. బానెట్ ఎత్తితే ఆరు సిలిండర్లు ఒకే వరసలో కనిపిస్తాయి. ఇంజన్‌కి రెండు పక్కలా చెయ్యి పెట్టేంత ఖాళీ ఉంటుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. కట్టెల పొయ్యిలకు వాడే బోల్టుల్లాంటివి ఈ ఇంజన్‌కి ఉంటాయని దానికి స్టవ్‌బోల్ట్ అని ముద్దుపేరు. ఆ పేరు నేటికీ నిలిచింది.

అసలు శత్రువు ఇంజన్ కాదు, తుప్పు. విశాఖ తీరంలో బండి ఉన్నవాళ్లకు ఉప్పుగాలి చేసే పని తెలుసు. మిషిగన్, ఒహాయో లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు బండి అడుగున చేరి ఇనుమును తినేస్తుంది. అందుకే ఆరిజోనా, న్యూ మెక్సికో ఎడారుల నుంచి వచ్చిన బండికి గిరాకీ ఎక్కువ. ఎండకు సీట్లు పేలికలైపోయి ఉంటాయి, రబ్బరు పొడిపొడిగా రాలుతుంది, అయినా రేకు మాత్రం గట్టిగా ఉంటుంది.

కొనబోయేవాళ్లకు అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట: జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. క్యాబిన్ వెనక కింది మూలలు, తలుపు కింద గడప, కాళ్లు పెట్టే నేల, ఇవి ముందు పోయే చోట్లు. పైన రంగు నున్నగా ఉంటుంది. మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని అక్కడ ఆనిస్తే అంటుకోకుండా జారిపోతుంది. అంటే లోపల రేకు లేదు, లప్పం ఉంది. గ్రైండర్ పెడితే అది వేలెడు మందాన పెళ్లలుగా రాలుతుంది. వెనక గుప్పెడంత కన్నం బయటపడుతుంది.

ఆ కన్నం పూడ్చేటప్పుడే పెద్ద పొరపాటు జరుగుతుంది. కుళ్లిన నేలనూ గడపలనూ ఉత్సాహం కొద్దీ ఒకేసారి కోసేస్తారు. క్యాబిన్‌ని నిలబెట్టి ఉంచేవి అవే. కోయగానే అది కంటికి ఆననంతగా కుంగుతుంది. కొత్త రేకు వెల్డింగ్ చేసి, గ్రైండింగ్ చేసి, తీరా తలుపు బిగించబోతే పడదు. మళ్లీ కోయాల్సిందే. కోతకు ముందే తలుపు సందులో అడ్డంగా, ఐమూలగా ఇనప కడ్డీలు వెల్డింగ్ చేసి క్యాబిన్‌ని బిగించాలి. ఈ దెబ్బ తిన్నవాళ్లు చెప్పబట్టే తర్వాతివాళ్లు ముందు కడ్డీలు పెట్టుకుంటున్నారు. అలాగే పలచటి రేకు మీద వెల్డింగ్‌ని ఒకే గీతలా లాగకూడదు. ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ వెళ్లాలి. లేదంటే వేడికి రేకు అప్పడంలా ఉబ్బుతుంది.

బోల్టుల సంగతి ఇంకో కథ. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉన్న సన్నటి సందు నిండిపోయి రెండూ ఒకటవుతాయి. బలమంతా పెట్టి పానా తిప్పితే బోల్టు తల ఊడి చేతికొస్తుంది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననివ్వడం మొదటి దారి. కదలకపోతే గ్యాస్ మంటతో వేడిచేసి, మంట తీశాక కొవ్వొత్తిని ఆనిస్తారు. కరిగిన మైనం బోల్టు మరల సందుల్లోకి పాకుతుంది. అయితే మంట వెలిగించే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. 1949 నుంచి ఈ ట్రక్కుల్లో పెట్రోల్ ట్యాంకు క్యాబిన్‌లో సీటు వెనకే ఉంటుంది. ముందు దాన్ని ఊడదీసి దూరంగా పెట్టాలి.

చిన్న భాగాలకు కరెంటు వైద్యం చేస్తారు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, వాషింగ్ సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగకూ, పనికిరాని ఇనప ముక్కను పాజిటివ్ తీగకూ కట్టి ముంచుతారు. బుడగలు లేస్తాయి, తుప్పు నల్లటి మడ్డిలా వదులుతుంది. మంచి ఇనుము అరగదు. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ కడితే అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. ఈ హెచ్చరికను పాతవాళ్లు విసుగు లేకుండా ప్రతి కొత్తవాడికీ చెబుతారు.

విద్యుత్తు దగ్గర దెబ్బ మరో రకం. ఈ బండ్లవి 6 వోల్టుల బ్యాటరీలు. వోల్టేజి సగమైతే అంతే పనికి కరెంటు రెట్టింపు కావాలి. దానికి లావుపాటి కేబుళ్లుండాలి. అది తెలియక ఇప్పటి 12 వోల్టుల కార్ల కేబుళ్లు వేస్తే స్టార్టరు మూలుగుతూ తిరుగుతుంది. ఇంజన్ పాడైందనుకుని దాన్ని దించేసినవాళ్లు, చివరికి కేబులు మార్చగానే బండి స్టార్టవడం చూస్తారు.

బాగుచేయడమంటే ఏమిటన్న దాని మీద వాదులాట ఎప్పుడూ ఉంటుంది. కొందరికి ప్రతి మరా అప్పటిదే కావాలి. ఇంకొందరు కొత్త వీ8 ఇంజనూ ఏసీ కూడా పెట్టేస్తారు. 3100 వెనక ఇరుసు పళ్ల నిష్పత్తి 4.11. అది బరువు లాగడానికి పెట్టింది, హైవే మీద పరుగుకు కాదు. గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఇంజన్ గోల పెడుతుంది. ఆ నెమ్మది ఆ బండి స్వభావం, దాన్ని అలాగే ఉంచాలనేవాళ్ల మాటలో న్యాయముంది. బ్రేకుల విషయంలో మాత్రం పాతదనం పట్టు కూడదు. నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు ఆయిల్ దారి. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ముందుకూ వెనక్కూ వేర్వేరు దారులుండే మాస్టర్ సిలిండర్ వేసుకోవడం ప్రాణానికి సంబంధించిన మార్పు.

షెవర్లే, ఫోర్డ్ పికప్‌ల వాళ్లు అదృష్టవంతులు. గిరాకీ ఉండబట్టి క్యాబిన్ మూలలు, మడ్‌గార్డులు, తొట్టి పలకలు కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. ఇంటర్నేషనల్ లాంటి బ్రాండ్ల వాళ్లకు అంత సుఖం లేదు. కాన్సాస్‌లోని గలీనా ఊళ్లో, పాత రూట్ 66 పక్కన, 1951 నాటి ఇంటర్నేషనల్ టో ట్రక్కు ఒకటుంది. 2006లో వచ్చిన ‘కార్స్’ సినిమాలో మేటర్ అనే తుప్పు బండికి స్ఫూర్తి అదే. పాత్ర ప్రపంచానికంతా తెలిసినా, ఆ కాలపు ఇంటర్నేషనల్ బండికి ఒక తలుపు అడుగు రేకు కావాలంటే వెతుక్కోవాలి. ఆ కంపెనీ 1975లోనే ఫుల్‌సైజు పికప్‌లు చేయడం మానేసింది. అందుకే ఆ బండ్లవాళ్లలో ఎవరి దగ్గరైనా రేకు చెక్కుచెదరకుండా ఉంటే, దాని మీద అట్టముక్క పెట్టి ఆకారం గీసి, ప్రతి వంపు దగ్గరా కొలత రాసి, టేపు కనిపించేలా ఫొటో తీసి అడిగినవాళ్లకు పంపుతారు. అందుకున్నవాళ్లు ఆ కొలతలతో ఇంట్లోనే రేకు కోసుకుంటారు. మొదటిసారి వంపు తప్పితే ఎక్కడ తప్పిందో రాసి, దిద్దిన కొలతను తిరిగి పంపుతారు.