చక్రం నేల విడవకుండా: డర్ట్ బైక్ జీవితకథ

పాత డర్ట్ బైకులు దాచుకున్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ముందు ఇంజిను మీదికే పోతుంది. ఎవరిది ఎన్ని సీసీ, ఎవరి బండి మూడో గేరులోనూ ముందు చక్రం లేపేది, ఎవరి బండి కిక్కు కొడితే కాలు విరిగేంత పని చేసేది అని గంటల తరబడి వాదించుకుంటారు. అయితే అదే మనుషులు ఆ పాత బండ్లకు పందేలు పెట్టాలనుకున్నప్పుడు ఏ నిబంధనలు రాసుకున్నారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలో పాత బండ్ల పందేలు నడిపే ఏహెచ్ఆర్ఎంఏ సంఘం వింటేజ్ మోటోక్రాస్‌కు పెట్టిన హద్దు ఇది: ముందు చక్రం పైకీ కిందికీ 7 అంగుళాలకు మించి కదలకూడదు, వెనక చక్రం 4 అంగుళాలకు మించకూడదు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 'ఎవో' అని ఇంకో తరగతి ఉంది. అందులోకి రావాలంటే ఇంజిను గాలికే చల్లబడాలి, బ్రేకులు డ్రమ్మువే ఉండాలి, వెనక సస్పెన్షన్‌కు లింకేజి, అంటే చక్రానికీ షాకబ్జర్‌కూ మధ్య మీటల అమరిక, ఉండకూడదు.

సీసీల విభజన ఆ తర్వాతి మాట. ఏ బండి ఏ తరానిదో తేల్చే గీతను మాత్రం వాళ్లు ప్రధానంగా చక్రం ఎంత కదులుతుందన్న దగ్గరే గీశారు. నోటితో హార్స్‌పవర్ గురించి ఎంత మాట్లాడినా, ఈ యంత్రం అసలు చరిత్ర ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

రోడ్డు బండే మట్టిలోకి దిగింది

1924లో ఇంగ్లండ్‌లోని సర్రే జిల్లా కాంబర్లీ దగ్గర గుట్టల మీద, బురదలో ఒక మోటారు సైకిళ్ల పందెం జరిగింది. మోటోక్రాస్ అక్కడే పుట్టిందంటారు. అప్పటికి డర్ట్ బైక్ అని వేరే బండి లేదు. రోడ్డు మీద తిరిగే బండికే లైట్లు, మడ్‌గార్డులు ఊడదీసి మట్టిలోకి దించేవారు. వెనక చక్రానికి స్ప్రింగే ఉండేది కాదు, ఇరుసు నేరుగా ఫ్రేముకే బిగించి ఉండేది. గుంతలో పడితే ఆ దెబ్బ తగిలేది నడిపేవాడి వెన్నుకే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ముందు చక్రానికి ఒకదాన్లో ఒకటి జారే గొట్టాల టెలిస్కోపిక్ ఫోర్కు, వెనక చక్రానికి కీలు మీద పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్ వచ్చాయి. 500 సీసీ పోటీ 1952లో యూరప్ చాంపియన్‌షిప్‌గా, 1957లో ప్రపంచ చాంపియన్‌షిప్‌గా మారింది. ఆనాటి పందెం బండికి ఆనవాలు బీఎస్ఏ గోల్డ్ స్టార్: 500 సీసీ, ఒకే సిలిండరు, ఫోర్ స్ట్రోక్. ఇంజినుకు బలం కొదవలేదు. బరువు మాత్రం బాగా ఎక్కువ. వెనక చక్రం కదిలేది మూడు, నాలుగు అంగుళాలే.

నాలుగు అంగుళాలంటే ఏమిటో చిన్న లెక్కలో చూద్దాం. బండి రెండు మీటర్ల ఎత్తునుంచి చదును నేల మీద పడిందనుకోండి. ఆ పాటును పది సెంటీమీటర్లలో, అంటే నాలుగు అంగుళాల్లో, ఆపాలంటే సగటున బండి బరువుకు 21 రెట్ల బలం కావాలి. అదే ముప్ఫై సెంటీమీటర్లలో ఆపితే ఎనిమిది రెట్లలోపే సరిపోతుంది. ఆపే దూరం మూడింతలైతే దెబ్బ దాదాపు మూడోవంతుకు దిగుతుంది. మోకాళ్లు వంచి నిలబడే రైడరు తన కాళ్లతో చేసే పని కూడా ఇదే, ఆపే దూరాన్ని పెంచడం.

దూకినప్పుడే కాదు, గతుకుల్లోనూ ఇదే సూత్రం. స్ప్రింగు చక్రాన్ని వెంటనే కిందికి తోయకపోతే గతుకు శిఖరం తగిలిన చక్రం గాల్లోకి లేచిపోతుంది. గాల్లో ఉన్న చక్రానికి నలభై గుర్రాల బలమిచ్చినా బండి అంగుళం ముందుకు జరగదు.

పొగగొట్టంలో విప్లవం

అరవైల్లో మొదటి పెద్ద మార్పు ఇంజిను వైపునుంచి వచ్చింది. ఫోర్ స్ట్రోక్ ఇంజినులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుడు జరుగుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ ఒకటి. వాల్వులు, క్యామ్ షాఫ్టు ఉండవు కాబట్టి విడిభాగాలు తక్కువ, బరువూ తక్కువ. లోపమల్లా ఒకటే: కాలిన పొగ బయటికి పోయే దారినే కాలని పెట్రోలు కూడా జారిపోతుంది.

తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు ఆ జారిపోయేదాన్ని వెనక్కి పట్టుకొచ్చే ఉపాయాన్ని పదును పెట్టాడు. పొగగొట్టాన్ని ముందు వెడల్పుగా సాగి, తర్వాత సన్నబడేలా చేశాడు. పేలుడుతో పుట్టిన పీడన తరంగం ఆ సన్నని భాగానికి తగిలి వెనక్కి తిరుగుతుంది. గుమ్మం దాటబోతున్న పిల్లాణ్ని పట్టి ఇంట్లోకి తోసినట్టు, జారిపోతున్న తాజా మిశ్రమాన్ని అది సిలిండరులోకే నెడుతుంది. 1961లో ఎంజెడ్ రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం సమయంలో పశ్చిమానికి పారిపోయి, ఆ విద్యతో జపాన్ సుజుకీలో చేరాడు. మరుసటి ఏడే 50 సీసీ రోడ్డు పందేల్లో సుజుకీకి మొదటి ప్రపంచ కిరీటం దక్కింది.

మట్టి పందేల్లోనూ గాలి అటే తిరిగింది. స్వీడన్‌కు చెందిన హస్క్‌వార్నా టూ స్ట్రోక్ మీద టోర్స్టెన్ హాల్‌మన్ 1962లో 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. 500 సీసీలో 1964, 1965 కిరీటాలు బీఎస్ఏ మీద జెఫ్ స్మిత్ గెలిచాడు. బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్ యుగానికి అవే ఆఖరివి. 1966లో పాల్ ఫ్రీడ్రిక్స్ చెకొస్లొవేకియా సీజెడ్ టూ స్ట్రోక్ మీద 500 సీసీ పీఠాన్ని తీసుకెళ్లాడు.

ఆ పొగగొట్టం తరంగం ఇంజిను ఒక వేగంలో తిరుగుతున్నప్పుడే సరైన క్షణానికి తిరిగొస్తుంది. అందుకే ఈ బండ్లు కింది వేగంలో నీరసంగా ఉండి, ఒక దశ దాటగానే ఒక్కసారిగా గుంజుతాయి. యమహా ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఆ గుంజుడు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గతుకుల్లో వెనక చక్రం ఎగిరెగిరి పడుతుండగా ఆ బలం ఒక్కసారిగా వచ్చిపడితే చక్రం వట్టినే తిరుగుతుంది, బండి పక్కకు జారుతుంది. బలం పెరిగిన కొద్దీ పాత సస్పెన్షన్ లోపం బయటపడింది.

జపాన్, అమెరికా, ఆదివారాలు

1966లో హాల్‌మన్ అమెరికా వెళ్లి హస్క్‌వార్నా మీద స్థానికులను ఓడించి చూపాక అక్కడ మోటోక్రాస్ వేళ్లూనింది. 1968లో యమహా డీటీ-1 వచ్చింది: 246 సీసీ టూ స్ట్రోక్, లైట్లున్నాయి, నంబరు ప్లేటుంది. సోమవారం ఆఫీసుకు, ఆదివారం ఎడారికి అదే బండి. 1971లో 'ఆన్ ఎనీ సండే' అనే డాక్యుమెంటరీ ఈ మోజును ఇంటింటికీ చేర్చింది. టూ స్ట్రోక్ అంటే గిట్టని సొయిచిరో హోండా కంపెనీ కూడా లొంగక తప్పలేదు. 1973లో సీఆర్250ఎం ఎల్సినోర్‌ను అమ్మకానికి తెచ్చింది. అంతకుముందే, 1970లో, సుజుకీ మీద జోయెల్ రాబర్ట్ 250 సీసీ ప్రపంచ కిరీటం గెలిచాడు. ఆ తర్వాత రోజర్ డికోస్టర్ అదే కంపెనీకి 500 సీసీలో ఐదు తెచ్చిపెట్టాడు.

ఇంజిన్లు ఇంత ముందుకొచ్చినా వెనక చక్రం మాత్రం ఇంకా నాలుగు అంగుళాల దగ్గరే ఉంది.

వెనక చక్రం దశాబ్దం

ఎందుకు పెంచలేదు అంటే, అది స్ప్రింగు మార్చేస్తే తీరే పని కాదు. స్వింగ్ ఆర్మ్ ఎక్కువ ఊగితే చైను ఒకసారి బిగుసుకుంటుంది, ఒకసారి వదులవుతుంది. సీటు ఎత్తవుతుంది. ఫోర్కు గొట్టాలు సన్నగా ఉంటే వంగుతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు వేడి. షాకబ్జర్ లోపల పిస్టన్ కదులుతుంటే నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ కుదుపులోని శక్తిని వేడిగా మారుస్తుంది. కదలిక పెరిగితే వేడీ పెరుగుతుంది. నూనె పలచబడి, గాలి కలిసి నురగ కడుతుంది. అప్పుడు షాకబ్జర్‌కు అడ్డుపడే శక్తి పోయి వట్టి స్ప్రింగే మిగులుతుంది, బండి బంతిలా ఎగరడం మొదలుపెడుతుంది.

బెల్జియం ఇంజినీరు లూసియన్ టిల్కెన్స్ రెండు చిన్న షాకబ్జర్లు తీసేసి, వాటి స్థానంలో ఒకే పొడవాటి దాన్ని పెట్రోలు ట్యాంకు కింద పడుకోబెట్టాడు. ముక్కోణంలా కట్టిన స్వింగ్ ఆర్మ్ దాన్ని నెడుతుంది. నురగ కట్టకుండా లోపల నూనెను వాయువు ఒత్తిడిలో ఉంచారు. యమహా ఆ ఆలోచన తీసుకుంది. 1973లో హాకన్ ఆండర్సన్ దాని మీద 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. 1975 నాటికి మోనోషాక్ అనే ఆ ఒంటి షాకబ్జర్ ఎవరైనా కొనుక్కోగల వైజెడ్ బండ్లలోకి వచ్చింది.

మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఇళ్ల వెనక షెడ్లలో రైడర్లు తమ బండ్ల షాకబ్జర్ బిగింపులు కోసి, ముందుకు జరిపి మళ్లీ వెల్డింగ్ చేసుకున్నారు. షాకబ్జర్ స్వింగ్ ఆర్మ్ కీలుకు దగ్గరయ్యేకొద్దీ దాని చిన్న కదలికకే చక్రం ఎక్కువ కదులుతుంది. భారం, వేడి కూడా పెరుగుతాయి. అందుకే షాకబ్జర్లు చేసేవాళ్లకు అది స్వర్ణయుగమైంది. అమెరికాలో ఫాక్స్ ఎయిర్‌షాక్స్‌తో కెంట్ హోవర్టన్ 1976లో 500 సీసీ జాతీయ విజేత. స్వీడన్‌లో కెంత్ ఓలిన్ పెట్టిన ఓలిన్స్ సరుకుతో, 1978లో కేటీఎం మీద సోవియట్ రైడరు గెన్నాడీ మొయిసేయెవ్ 250 సీసీ ప్రపంచ విజేత.

ఎనభైల మొదట్లో చివరి మెట్టు ఎక్కారు. చక్రానికీ షాకబ్జర్‌కూ మధ్య చిన్న మీటల అమరికను, అదే లింకేజిని, చేర్చారు. కవాసాకీ యూనీ-ట్రాక్, సుజుకీ ఫుల్ ఫ్లోటర్, హోండా ప్రో-లింక్ అన్నీ ఆ కోవవే. మొదట్లో మెత్తగా లొంగి, చివరికి వచ్చేకొద్దీ గట్టిపడడం వీటి గుణం. చిన్న గతుకుకూ పెద్ద దూకుడుకూ ఒకే స్ప్రింగు సరిపోయింది. అప్పటికి వెనక చక్రం కదలిక 12 అంగుళాల వరకూ వచ్చింది. పదేళ్లలో మూడింతలు! ఎవో తరగతి గీత సరిగ్గా ఈ మలుపు దగ్గరే ఉంది.

స్ప్రింగు లేని దాయాది

ఇదే కాలంలో ఇంకో మట్టి బండి వేరే దారి పట్టింది. 1970లో హోండా మూడు చక్రాల ఏటీసీ90ని అమెరికాలో దించింది. బెలూన్ టైర్లలో గాలి చాలా తక్కువ. ఆ టైర్లే దానికి స్ప్రింగులు, వేరే సస్పెన్షన్ లేదు. మంచులో, ఇసుకలో కూరుకుపోకుండా తేలిపోయేది. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉన్నందున మలుపులో రెండూ ఒకే వేగంతో తిరిగేవి. కాబట్టి నడిపేవాడు ఒంటి బరువు సర్ది తిప్పాల్సిందే. అలవాటు లేనివాళ్లు బోల్తా పడ్డారు, ప్రాణాలు పోయాయి, వాటిలో పిల్లలవీ ఉన్నాయి. 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు అమెరికాలో మూడు చక్రాల అమ్మకం ఆపేశాయి. అప్పటికే సుజుకీ క్వాడ్‌రన్నర్ మొదలుపెట్టిన నాలుగు చక్రాల వరస ఆ స్థానం తీసుకుంది.

ఫోర్ స్ట్రోక్ తిరిగొచ్చింది

టూ స్ట్రోక్ వదిలే కాలని పెట్రోలు, పొగ మీద అమెరికాలో ఆంక్షలు బిగిశాయి. 1997లో లాస్ వేగస్‌లో సూపర్‌క్రాస్, అంటే స్టేడియంలో జరిపే మోటోక్రాస్, పందెంలో డగ్ హెన్రీ యమహా 400 సీసీ ఫోర్ స్ట్రోక్ మీద గెలిచాడు. ఆ పోటీల్లో ఫోర్ స్ట్రోక్ గెలవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది మార్కెట్లోకి వచ్చిన వైజెడ్400ఎఫ్ ఇంజిను నిమిషానికి 11,000 చుట్లు దాటి తిరిగేది. గోల్డ్ స్టార్ జాతిదే అయినా దానికీ దీనికీ పోలికే లేదు. నిబంధనల్లో ఫోర్ స్ట్రోక్‌కు ఎక్కువ సీసీ ఇవ్వడం కూడా దానికి కలిసొచ్చింది. ఒకేసారి గుంజకుండా సాఫీగా బలమివ్వడం రైడర్లకు నచ్చింది. ఇంజిను విప్పి బాగుచేయించాల్సి వచ్చినప్పుడు బిల్లు మాత్రం ఎవరికీ నచ్చలేదు. ఇంట్లోనే పిస్టన్ మార్చుకోగల టూ స్ట్రోక్ మీద అభిమానం ఇప్పటికీ చావకపోవడానికి కారణమదే. కేటీఎం ఫ్యుయల్ ఇంజెక్షన్ అమర్చి ఆ జాతిని మళ్లీ అమ్ముతోంది కూడా.

మన దారుల మీద

అచ్చమైన మోటోక్రాస్ బండికి హెడ్‌లైటు ఉండదు, ఇండికేటర్లు ఉండవు. రోడ్డు రిజిస్ట్రేషన్ కుదరదు. అందుకే మన దగ్గర ఈ మోజు డీటీ-1 దారినే వచ్చింది. 2011లో హీరో ఇంపల్స్, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాయి. అప్పటి ఆ ఎక్స్‌పల్స్ 200 ముందు చక్రం 190 మిల్లీమీటర్లు, వెనకది 170 కదిలేవి. పందెం బండి 300 దగ్గర ఉంటే ఇక్కడ ఎందుకంత తగ్గింది? సీటు ఎత్తు చూస్తే తెలుస్తుంది. ఆ ఎక్స్‌పల్స్ సీటు నేలనుంచి 823 మిల్లీమీటర్లు ఉండేది. మోటోక్రాస్ బండి సీటు సాధారణంగా 950 పైమాటే. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగి కాలు ఆనించాల్సిన బండికి అంత ఎత్తు పనికిరాదు.

పందేల్లోనూ మనవాళ్లు అడుగుపెట్టారు. డకార్ ర్యాలీని పూర్తిచేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్, 2015లో. 2024 డకార్‌లో హీరో జట్టుకు నడిపిన బోట్స్వానా రైడరు రాస్ బ్రాంచ్ మోటారు సైకిళ్లలో రెండో స్థానం సాధించాడు. ర్యాలీ2 తరగతిని కేరళ కుర్రాడు హరిత్ నోవా గెలిచాడు.

పన్నెండు దగ్గర ఎందుకాగింది

ఇప్పుడు కరెంటు బండ్ల వంతు. స్పెయిన్‌లో తయారయ్యే స్టార్క్ వార్గ్ మోటారు 80 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. గేర్లు లేవు, క్లచ్ లేదు, పొగగొట్టం లేదు. కాడెన్ తరంగంతో దానికి పనే లేదు. ఇంత కొత్త యంత్రంలోనూ చక్రం కదిలేది మాత్రం 310 మిల్లీమీటర్లే. నలభై ఏళ్ల కిందటి లింకేజి బండికీ దీనికీ ఆ కొలతలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

గుండెను మూడుసార్లు మార్చుకున్న యంత్రం ఆ కొలతను ఎందుకు దాటలేదంటే, 12 అంగుళాల తర్వాత హద్దు లోహానిది కాదు, మనిషిది. ఇంకా పెంచితే సీటు ఇంకా ఎత్తవుతుంది, గురుత్వ కేంద్రం పైకి పోతుంది, బ్రేకు వేస్తే ముక్కు వాలుతుంది, మలుపులో కిందపెట్టిన కాలు నేలకందదు. మిగతా దెబ్బను కాచుకునేది వంగిన మోకాలే. ఇంజినుకు అలాంటి హద్దు లేదు కాబట్టి అది మారుతూనే ఉంటుంది. తన పాత బండినీ కొత్త బండినీ పోల్చుకునేవాడు సీసీ తర్వాతైనా ఒక టేపు పట్టుకుని వెనక చక్రం ఎంత కదులుతుందో కొలుచుకుంటే, తనకు నిజంగా తేడా ఎక్కడ తెలిసిందో ఆ అంకెలో దొరుకుతుంది.