ఉండే హక్కు వేరు, నేల మీద హక్కు వేరు

గల్ఫ్ నుంచి ఫోన్ వస్తే మన ఇళ్లలో క్షేమ సమాచారాల తర్వాత పెద్దలు అడిగే మొదటి మాట: "ఇఖామా ఎప్పటిదాకా ఉంది బేటా?" ఆ నివాస అనుమతి గడువు దాటితే ఉద్యోగం, ఇంటి ప్రయాణం అన్నీ చిక్కుల్లో పడతాయని మనకు తెలుసు.

సౌదీ అరేబియాలో 2022 జనాభా లెక్కల ప్రకారం ఉన్నవారు 3 కోట్ల 21 లక్షల మంది. వారిలో 1 కోటి 34 లక్షల మంది, అంటే నూటికి 41 మందికి పైగా, విదేశీయులే. మన భారతీయులు దాదాపు 18 లక్షల 80 వేలు. చట్టబద్ధంగా అక్కడ ఉండి పనిచేసుకునే వారికి ఇఖామాయే ఆధారం. అది ఉన్నంత మాత్రాన ఆ దేశ పౌరులైపోరు. ఈ షరతుకు ఒప్పుకునే మనవాళ్లు విమానం ఎక్కుతున్నారు.

మరి మనమే వేరొకరి నేలకు వెళ్లినప్పుడు ఇదే న్యాయం పాటిస్తున్నామా? దూరం వెళ్లనక్కరలేదు, మన అరకు కొండలనే చూద్దాం.

నాగాలాండ్, మిజోరం వెళ్లే ఇతర రాష్ట్రాల వారికి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. అరకుకు అలాంటి చీటీ ఏదీ అక్కరలేదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకిచ్చింది. గిరిజనుల ప్రయోజనాల కోసం ఆ హక్కుకు తగిన పరిమితులు పెట్టవచ్చని కూడా అదే అధికరణం చెప్పింది.

అరకులో ఆ హద్దు భూమి దగ్గర ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం '1/70 చట్టం' అనేది దీనినే. ఏజెన్సీలో భూమిని గిరిజనులకు, లేదా వారి సహకార సంఘాలకు తప్ప ఇతరులకు అమ్మితే చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 'సమతా' సంస్థ వేసిన కేసులో, ప్రభుత్వం సైతం అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయినా ఆశ ఊరుకోదు. అప్పు కింద పొలం రాయించుకుందామని, గిరిజనుడి పేరు ముందు పెట్టి వెనుక మనం అనుభవిద్దామని షైతాన్ నచ్చజెబుతాడు. ఒప్పందాలు నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది. జానెడు నేలను అన్యాయంగా కాజేసినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం పడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఆయన తాయిఫ్ నుంచి తిరిగి వచ్చినప్పుడు, పుట్టిన ఊరైన మక్కాలో అడుగుపెట్టడానికే ముత్ఇమ్ బిన్ అదీ రక్షణ అవసరమైంది. ముత్ఇమ్ ఇస్లాం స్వీకరించినవాడు కాదు. అయినా ఆ మేలును ప్రవక్త (స) జీవితాంతం మరువలేదు. ఆశ్రయమిచ్చిన వారి పట్ల మన నడత కూడా అలా ఉండాలి.

కొండమీద దుకాణం నడుపుకుందాం, హలాల్ సంపాదన తిందాం. కాఫీకి, మిరియాలకు న్యాయమైన ధర ఇద్దాం, తూకం సరిగా తూద్దాం. నేలను మాత్రం దాని బిడ్డలకే వదులుదాం. గల్ఫ్‌లోని మన బిడ్డకు న్యాయం జరగాలని దుఆ చేసే చేతులు, అరకులో ఇంకొకరి బిడ్డ పొలం మీదికి చాచకూడదు.