ఎగిరే బంతి వేసే తాళం

న్యూజీలాండ్‌లోని పాత ఇళ్ళు చాలావరకు చెక్క నేలల ఇళ్ళు. అటువంటి ఇంట్లో, పక్క గదిలో ఎవరి చేతినుంచో టేబుల్ టెన్నిస్ బంతి జారిపడితే, తొంగి చూడనవసరం లేకుండానే ఏమి జరిగిందో అందరికీ తెలిసిపోతుంది. మొదట ఒక "టక్". కాస్త ఆగి మరొక "టక్". ఆపైన "టక్, టక్, టకటక టకటక" అంటూ త్వరపడి, చివరికి చిన్న గరగరగా మారి, ఆ తరువాత నిశ్శబ్దం. పడినది బంతి అని మాత్రమే కాదు, అది మరెంతసేపటిలో ఆగిపోతుందో కూడా చెవి ముందుగానే పసిగడుతుంది.

ఇంత సామాన్యమైన చప్పుడును కంప్యూటరులో సృష్టించబోయిన సంగీత విద్యార్థి మాత్రం తరచు భంగపడతాడు. దరువు త్వరపడుతూనే ఉంటుంది, ధ్వని తగ్గుతూనే ఉంటుంది. అయినా వినేవారికి బంతి గుర్తుకు రాదు. లోపమెక్కడ ఉన్నదో తెలుసుకోవాలంటే కొంత పాఠశాల భౌతికశాస్త్రం, కొంత మన తాళశాస్త్రం కలిపి చదువుకోవాలి. ఆ లోపాన్ని సరిదిద్దే సాధనాన్ని ప్రపంచానికి ఉచితంగా అందించినవాడు వెల్లింగ్టన్‌లో పుట్టిన ఒక సంగీతజ్ఞుడు కావడం ఇక్కడి తెలుగువారికి మరింత ఆసక్తి కలిగించే విషయం.

నష్టమే లయగా మారే తీరు

బంతి నేలను తాకిన ప్రతిసారీ తన గతిజ శక్తిలో కొంత కోల్పోతుంది. అది వేడిగాను, కంపనాలుగాను, మనకు వినవచ్చే చప్పుడుగాను మారిపోతుంది. తాకకముందు ఉన్న వేగంలో ఎంత భాగం తాకిన తరువాత మిగులుతుందో తెలిపే నిష్పత్తికి ప్రత్యావస్థాన గుణకమని పేరు. టేబుల్ టెన్నిస్ నియమావళి ప్రకారం 30 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదలిన బంతి బల్లపైనుంచి సుమారు 23 సెంటీమీటర్లు లేవాలి. ఎత్తు వేగపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది గనుక, 23ను 30తో భాగించి వర్గమూలం తీస్తే గుణకం వస్తుంది. అది దాదాపు 0.88.

బంతి గాలిలో గడిపే కాలం అది లేచిన వేగాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి వేగం ఏ నిష్పత్తిలో తగ్గితే, రెండు దెబ్బల నడుమ విరామం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు గుణకం 0.8 గల బంతిని ఒక మీటరు ఎత్తునుంచి వదిలామనుకుందాం. మొదటి దెబ్బకూ రెండవ దెబ్బకూ మధ్య 723 మిల్లీసెకండ్లు పడుతుంది. ఆ తరువాతి విరామాలు వరుసగా 578, 463, 370, 296, 237 మిల్లీసెకండ్లు. ప్రతి సంఖ్యా తన ముందున్న సంఖ్యలో ఐదింట నాలుగు వంతులు. ఇదే గుణశ్రేఢి.

ఇందులో ఒక విశేషమున్నది. లయ త్వరపడుతున్నది గాని బంతి త్వరపడడం లేదు. అది అంతకంతకు నెమ్మదిస్తున్నది. నష్టపోతున్నందువల్లనే దాని దరువు తొందరగా వినిపిస్తున్నది. గాలి నిరోధాన్ని ఉపేక్షిస్తే, గురుత్వాకర్షణ ఈ నిష్పత్తిని మార్చలేదు. భూమిపై గురుత్వంలో ఆరోవంతే ఉన్న చంద్రునిపై ఇదే బంతిని వదిలితే విరామాలన్నీ దాదాపు రెండున్నర రెట్లు సాగుతాయి, కాని వాటి పరస్పర సంబంధం చెక్కుచెదరదు. అది కేవలం బంతికీ నేలకూ మధ్య ఒప్పందం.

ఈ శ్రేఢికి అంతం లేదు, కాని దాని మొత్తానికి హద్దు ఉన్నది. పై ఉదాహరణలో విరామాలన్నీ కలిపితే మొదటి విరామానికి సరిగ్గా ఐదు రెట్లు, అంటే సుమారు 3.6 సెకండ్లు. ఏ దెబ్బ దగ్గర మొదలుపెట్టి లెక్కించినా ఇదే నియమం: మిగిలిన కాలమంతా అప్పటి విరామానికి ఐదు రెట్లు. రెండు మూడు దెబ్బలు వింటే చాలు, ముగింపు ఎప్పుడో చెప్పడానికి కావలసిన సమాచారమంతా అందులోనే ఉంటుంది.

నెల్సన్ సమీపాన 1871లో జన్మించిన రూథర్‌ఫర్డ్ 1900లో థోరియం నుంచి వెలువడే వాయువును పరిశీలించి, దాని క్రియాశీలత ఒక్కొక్క నిమిషానికి సుమారు సగానికి సగం తగ్గిపోతుందని చూపించాడు. రేడియోధార్మిక క్షయంలోనూ గుణశ్రేఢే ఉన్నది. అయితే అక్కడ సమానమైన కాలాలలో పదార్థం తరుగుతుంది, కనుక సమీకరణం ప్రకారం దానికి ముగింపు ఘడియ అంటూ ఉండదు. బంతి విషయంలో తరిగేది కాలమే. అందుకే దానికి ముగింపు ఉన్నది.

గోపుచ్ఛం, బంతి

త్వరపడే దరువు మన సంగీతానికి కొత్త కాదు. తాళ దశప్రాణాలలో ఒకటైన యతికి ఆరు భేదాలు చెబుతారు. వాటిలో ఆవు తోకలా మొదట వెడల్పుగా ఉండి క్రమంగా సన్నబడేది గోపుచ్ఛ యతి. ముత్తుస్వామి దీక్షితులవారి "త్యాగరాజ యోగ వైభవం" కృతి దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. మృదంగ విద్వాంసుడు ఐదక్షరాల జతి తరువాత నాలుగక్షరాలది, ఆపైన మూడు, రెండు, ఒకటి అంటూ ముగించినప్పుడు సభలో చేతులు తాళం వేస్తూనే ముగింపు కోసం ఎదురుచూస్తాయి.

కాని ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి అన్నది అంకశ్రేఢి. ప్రతిసారీ ఒకే పరిమాణం తీసివేయబడుతున్నది. బంతి తీసివేయదు, భాగిస్తుంది. గోపుచ్ఛం తాళంలోని అక్షరాలను లెక్కిస్తూ సమం మీద వచ్చి వాలుతుంది. బంతికి అక్షరమూ లేదు, ఆవర్తమూ లేదు. రెండూ సన్నబడేవే అయినా వాటి గణితం వేరు.

కంప్యూటరు ముందు విద్యార్థి పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. సాధారణంగా చేసే ప్రయత్నాలు మూడు. మొదటిది ప్రతిధ్వనిని కల్పించే డిలే మీట నొక్కడం. దానితో ధ్వని తగ్గుతుంది గాని విరామాలు మారవు. అది కొండలో మారుమోగే కేక అవుతుంది, బంతి కాదు. రెండవది ప్రతి విరామంనుంచీ ఒకే మొత్తాన్ని తీసివేయడం. అది గోపుచ్ఛం వలె ఉంటుంది. బంతిలోని చివరి గరగర అందులో రాదు.

మూడవది మరీ విచిత్రం. విద్యార్థి లెక్క సరిగానే చేస్తాడు, యంత్రం దానిని "సరిదిద్దుతుంది". అనేక సంగీత సాఫ్ట్‌వేర్లలో దెబ్బలను దగ్గరలోని గడిలోకి జరిపే సదుపాయం ఉన్నది. నిమిషానికి 120 మాత్రల వేగంలో, మాత్రకు నాలుగు గడుల చొప్పున, ఒక్కో గడి 125 మిల్లీసెకండ్లు. మన బంతి విరామాలను ఈ గడులలోకి నెడితే మొదటి ఐదూ 750, 500, 500, 375, 250గా మారిపోతాయి. రెండవ విరామం, మూడవ విరామం సమానమయ్యాయి! అంటే బంతి ఒకసారి శక్తి కోల్పోవడం మరచిపోయిందన్నమాట. కారణం చెప్పలేకపోయినా, ఎక్కడో అబద్ధమున్నదని చెవి పట్టుకుంటుంది.

కత్తెరనుంచి సీసౌండ్ వరకు

న్యూజీలాండ్ స్వరకర్త డగ్లస్ లిల్బర్న్ 1966లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పాడు. ఆనాటి స్టూడియోలలో కాలమంటే పొడవే. సెకండుకు 38 సెంటీమీటర్ల వేగంతో నడిచే టేపుపై మన బంతి దరువును కూర్చాలంటే సుమారు 27.5, 22, 17.6 సెంటీమీటర్ల ముక్కలు కోసి, వరుసగా అతికించుకుంటూ పోవాలి. పదమూడవ ముక్క రెండు సెంటీమీటర్లైనా ఉండదు. గుణశ్రేఢిని చేతితో తాకి చూడగలిగిన రోజులవి.

1937లో వెల్లింగ్టన్‌లో జన్మించిన బ్యారీ వర్కో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో సంగీతమూ గణితమూ చదివి, అమెరికా వెళ్ళి ఎం.ఐ.టి.లో ఆచార్యుడయ్యాడు. అక్కడ 1973లో ప్రయోగాత్మక సంగీత స్టూడియోను స్థాపించాడు. 1980ల మధ్యకాలంలో సీ భాషలో సీసౌండ్ అనే సాఫ్ట్‌వేరును రచించి, దాని మూలరచనతో సహా అందరికీ లభ్యమయ్యేలా చేశాడు. ఇతరులు పెంచి పోషించగా అది నేటికీ ఉచితంగా దొరుకుతున్నది.

సీసౌండ్ రచనలో రెండు భాగాలు. వాద్యం ఎలా ధ్వనించాలో చెప్పేది ఆర్కెస్ట్రా. ఏ వాద్యం ఏ క్షణాన మొదలై ఎంతసేపు మోగాలో చెప్పేది స్కోరు. కాలాన్ని సెకండ్లలో, దశాంశాలతో రాయవచ్చు గనుక గడుల నిర్బంధం లేదు. అంతకన్నా సొగసైన మార్గం కూడా ఉన్నది: వాద్యమే తన తరువాతి దెబ్బను తాను పిలుచుకోవడం. మోగిన ప్రతిసారీ విరామాన్ని 0.8తో గుణించి, ధ్వని తీవ్రతను కూడా 0.8తో గుణించి, అంతసేపటి తరువాత మళ్ళీ మోగమని తనకు తానే ఆజ్ఞ ఇచ్చుకుంటుంది. ఈ లెక్కన ఒక్కొక్క దెబ్బకు ధ్వని దాదాపు రెండు డెసిబెళ్ళు తగ్గుతుంది.

అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. "ఇక చాలు" అన్న మాట ఎక్కడో రాయకపోతే, ముగింపు క్షణం దగ్గర పడేకొద్దీ లెక్కలేనన్ని దెబ్బలు పేరుకొని యంత్రం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నిజమైన బంతికి ఈ చిక్కు లేదు. నేలను తాకడానికే దానికి కొంత కాలం పడుతుంది గనుక, ఎగరడం అంతకన్నా తక్కువైనప్పుడు అది చల్లగా నేలపై కుదురుకుంటుంది. సాఫ్ట్‌వేరులో విరామం 20 మిల్లీసెకండ్లకన్నా తగ్గగానే ఆపమంటే చాలు. అప్పటికి 18 దెబ్బలు పూర్తవుతాయి, మిగిలిన కాలం సెకండులో పదోవంతైనా ఉండదు. సెకండుకు ఇరవై దెబ్బలు దాటినప్పటినుంచే చెవికి అవి విడివిడిగా కాక, ఒకే గరగరగా కలిసి వినిపిస్తాయి.

ఇంట్లో చేయదగిన ప్రయోగం

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. గట్టి నేలపై బంతిని వదిలి, ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేసి, ధ్వని తరంగాన్ని చూపే ఏదైనా ఉచిత సాఫ్ట్‌వేరులో తెరవాలి. దెబ్బలు ముళ్ళలా నిలబడి కనిపిస్తాయి. రెండవ విరామాన్ని మొదటిదానితో భాగిస్తే గుణకం వస్తుంది. ఆ గుణకాన్ని ఒకటినుంచి తీసివేసి, వచ్చినదానితో మొదటి విరామాన్ని భాగిస్తే, బంతి మొదటి దెబ్బనుంచి ఎంతసేపు ఎగురుతుందో తేలుతుంది. గాలి వల్లా, దెబ్బ బలాన్ని బట్టి గుణకం కొద్దిగా మారడం వల్లా జవాబులో స్వల్ప భేదం రావచ్చు. ఆ భేదమెంతో కొలవడం కూడా ప్రయోగంలో భాగమే. టెన్నిస్ బంతి, గోళీ, క్రికెట్ బంతి, ఒక్కొక్కటీ తన గుణకాన్ని తానే చెప్పుకుంటుంది.

వారాంతంలో మృదంగం తరగతికి వెళ్ళే పిల్లలే, రాత్రిపూట గది తలుపు వేసుకుని కంప్యూటరులో దరువులు కూర్చుకుంటూ ఉంటారు. మొదటిది విద్య అనీ, రెండవది మోత అనీ పెద్దలకు అనిపించడం సహజం. సిద్ధంగా ఉన్న మీట నొక్కి ఊరుకుంటే అది మోతగానే మిగిలిపోవచ్చు. విరామాలను తామే లెక్కగట్టి, యంత్రం ఇచ్చిన జవాబును చెవితో పరీక్షించి, తప్పును పట్టుకోగలిగితే మాత్రం ఆ పిల్లలు నేర్చుకుంటున్నది తాళమూ, గణితమూ కూడా. ఈసారి ఆ గదిలోనుంచి త్వరపడే దరువు వినిపించినప్పుడు, ధ్వని తగ్గించమని చెప్పేముందు, అది గోపుచ్ఛమా, బంతా అని ఒక్కసారి అడిగి చూడవచ్చు.