నిలిచిన కడుపు పోయినప్పుడు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సంఘాలలో ఐవీఎఫ్ చేయించుకుంటూ ప్రార్థన కోరే దంపతులు ఇప్పుడు అరుదు కాదు. గర్భం నిలిచిందని తెలిసిన ఆదివారమే కొందరు సాక్ష్యం చెబుతారు. కొన్ని వారాల తరువాత అదే సహోదరి మందిరానికి రావడం మానేస్తుంది. ఎందుకు పోయిందంటే మనం చెప్పుకునే కారణాలు బస్సు ప్రయాణం, మెట్లెక్కడం, విశ్వాసలోపం. కన్నీళ్లతో ప్రార్థిస్తున్న హన్నాను మత్తురాలనుకున్నది యాజకుడైన ఏలీయే కదా!

తొలి మూడు నెలల్లో పోయే గర్భాలలో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. ఆ లోపం ఎక్కువగా అండంలోనే, గర్భం రాకముందే ఏర్పడుతుంది. వయసు పెరిగేకొద్దీ అలాంటి అండాలు ఎక్కువవుతాయి. 30 ఏళ్ల లోపు సుమారు పదిమందిలో ఒకరికి గర్భస్రావమైతే, 40 దాటాక ముగ్గురిలో ఒకరికి అవుతుంది. ఐవీఎఫ్ అండం వయసును తగ్గించలేదు. 2019లో గుంటూరులో 70 దాటిన తల్లి కవలలను కన్నదని విని ఆశపడినవారున్నారు. అక్కడ వాడినది దాత ఇచ్చిన అండం.

మన జిల్లాల్లో దీనికి ఇంకో ముడి ఉంది. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి, రెండేళ్లకోసారి రెండు నెలల సెలవుకు వస్తాడు. పెళ్లయి పదేళ్లయినా కలిసి ఉన్నది ఏడాది నిండదు. ఆమెనే ఆసుపత్రుల చుట్టూ తిప్పి, అతని పరీక్ష ఆఖరున చేయిస్తారు. ఐవీఎఫ్ దాకా వచ్చేసరికి ఆమెకు 35 దాటుతుంది.

అదుపులో లేని షుగర్, థైరాయిడ్, అధిక బరువు, పొగాకు, ఇంట్లో ఇతరులు తాగే పొగ కూడా ముప్పును పెంచుతాయి. బీడీలు చుట్టేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. గర్భాశయంలో గడ్డలు, అడ్డుపొర ఉన్నాయేమో ముందే చూపించుకోవాలి. ఖర్చు పెట్టాం కదా, రెండు పిండాలు పెట్టండని ఒత్తిడి చేయడం మంచిది కాదు. కవలలైతే నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం బాగా ఎక్కువ.

ఐవీఎఫ్‌లో పిండం పెట్టిన సుమారు రెండు వారాలకే రక్తపరీక్ష చేస్తారు. మామూలుగా అయితే అంత తొందరగా పోయిన గర్భాన్ని నెలసరి ఆలస్యమైందనుకుంటాం. ఐవీఎఫ్‌లో ఎక్కువ పోతున్నట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం.

హైదరాబాద్ నుండి ఆదిలాబాద్‌కు 300 కిలోమీటర్లు బస్సులో వచ్చినంత మాత్రాన పిండం జారిపోదు. మంచం దిగకుండా పడుకున్నంత మాత్రాన నిలవదు. రక్తం కనిపిస్తే వెంటనే డాక్టరును కలవాలి, ప్రొజెస్టిరాన్ మందులు సొంతంగా ఆపకూడదు. రెండుసార్లు పోతే, మరో విడతకు అప్పు చేసేముందు భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి.