పనిచోట చేతిఫోను: చిక్కులు, చక్కదిద్దు విధము

చెరువులకు పేరుపొందిన సీమ మన వరంగల్లు సీమ. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కాకతీయుల కాలము నాటివి. పూడిక తీయుట, కట్టకు మట్టి పోయుట ఇచ్చటి గ్రామస్థులకు తరతరములుగా తెలిసిన పనులే. 2006వ సంవత్సరమున గ్రామీణ ఉపాధి హామీ చట్టము దేశమందలి 200 జిల్లాలలో మొదటిసారిగా అమలునకు వచ్చినపుడు, నాటి ఉమ్మడి వరంగల్లు జిల్లా వానిలో నొకటి. ప్రజలు మాత్రము దానికి 'కరువు పని' యను పాత పేరే ఉంచుకొనిరి. గడ్డపార, పార, తట్ట ఉన్నచో ఆ పని సాగెడిది. 2023 జనవరి 1 నుండి వానితోపాటు చేతిఫోను కూడ కావలసివచ్చినది. ఆ ఫోను మొరాయించినచో కూలీకి ఏమగును, దానిని ఎవరు చక్కదిద్దవలెను అను సంగతిని ఇచ్చట వివరింపదలచితిమి.

తొలి సంవత్సరములలో కంప్యూటరు మండల కార్యాలయమునందే యుండెడిది. పనిచోట మస్టరు కాగితముపై హాజరు వ్రాసెడివారు. ఆ కాగితము మండలమునకు పోయి, కంప్యూటరు ఆపరేటరు చేతిమీదుగా లెక్కకెక్కెడిది. పేరు తప్పుపడినచో ఆపరేటరు బల్ల యొద్దకు పోయి అడుగుటకు వీలుండెడిది. 2021లో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ 'నేషనల్ మొబైల్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్' అను యాప్‌ను ప్రవేశపెట్టినది. 2022 మే 16 నుండి 20 మందికి తక్కువ కాకుండ కూలీలున్న పనులకును, తరువాత వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప తక్కిన అన్ని పనులకును దీనిని తప్పనిసరి చేసిరి. మేట్ ఉదయము హాజరు వేసి, కూలీల ఫోటో తీయవలెను. నాలుగు గంటల తరువాత రెండవ ఫోటో తీయవలెను. ఫోటోతోపాటు ఆ స్థలము గుర్తు కూడ చేరును. పనికి రానివారి పేర కూలి వ్రాసికొనకుండ చేయుట దీని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని కంప్యూటరు చెరువు గర్భములోనికి దిగివచ్చినంతగా దానిని బాగుచేయు మనిషి దిగిరాలేదు. అసలు చిక్కంతయు ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము.

ఏటూరునాగారము, తాడ్వాయి అడవులలోను, కొత్తగూడ వైపునను సిగ్నలు అందని పనిచోట్లు కలవు. అట్టి చోట "సిగ్నలు లేదు, కనుక ఫోను మన చోటును గుర్తింపజాలదు" అని పలువురు తలంతురు. ఇది సరికాదు. చోటును తెలుపునది టవరు కాదు. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములు. ఏకకాలమున కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో, అవి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఫోను తానున్న చోటును లెక్కగట్టుకొనును. దీనికి సిమ్ముతో గాని రీఛార్జితో గాని పనిలేదు. అయితే టవరు తోడ్పాటు లేనపుడు మొదటిసారి చోటు తెలియుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. దట్టమైన చెట్ల క్రింద ఇంకను ఆలస్యమగును. కాబట్టి మేట్ చెట్టునీడను విడిచి ఆరుబయట నిలిచి, కొంతసేపు ఓపికపట్టవలెను.

ఫోటోను పంపుటకు మాత్రము టవరు కావలెను. ఇందుకొరకే యాప్‌లో ఒక సౌకర్యము కల్పించిరి. సిగ్నలు లేనిచోట తీసిన ఫోటో, హాజరు ఫోనులోనే నిలిచియుండి, సిగ్నలు అందినపుడు పోవును. మేట్ ఊరికి వచ్చినంతనే అవి పోయినవో లేదో తెరచి చూచుకొనవలెను. పోకముందే యాప్‌ను తీసివేసి మరల వేసికొనుట మిక్కిలి ప్రమాదము. లోపల దాచియున్నది పోయినచో ఆనాటి హాజరు సాక్ష్యము కూడ పోవును.

తక్కిన చిక్కులు చిన్నవే. ఫోనులో పాటలు, సినిమాలు నిండి ఫోటోకు చోటు చాలకపోవుట, యాప్ పాతబడుట, ఛార్జింగు అయిపోవుట వంటివి పనికి బయలుదేరక మునుపే చూచుకొనదగినవి. ఏప్రిల్, మే ఎండలలో రాతికట్టపై ఉంచిన ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోవును; తడిగుడ్డ చుట్టరాదు, నీడలో ఉంచిన చాలును. ఆ వారపు మస్టరు యాప్‌లో కనబడకపోయినచో అది మేట్ చేతిలోని పని కాదు. కొత్త మేట్ పేరు నమోదు కాకపోయినను అంతే. అవి రెండును మండల కార్యాలయమున సరికావలసినవి. ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు: పలుచోట్ల ఆ ఫోను మేట్ సొంతది, డేటా ఖర్చును ఆమెదే. అట్టి ఆమెను ఫోను చెడినందుకు కూలీల యెదుట దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు.

నష్టము ఎంత? తెలంగాణలో 2025-26 సంవత్సరపు కూలి రేటు దినమునకు 307 రూపాయలు. ఆరు దినముల హాజరు పోయినచో ఒక్కొక్కరికి 1,842 రూపాయలు పోయినట్లే. తవ్విన గుంత కన్నుల యెదుట నున్నను, ఫోటో లేనందున పని జరుగలేదన్నట్లు అగును. అందుచేతనే అసాధారణ పరిస్థితులలో హాజరును చేతితో ఎక్కించు అధికారమును జిల్లా ప్రోగ్రాం కోఆర్డినేటరునకు ఇచ్చిరి. ఈ సంగతి ఎరుగక ఊరకున్న కూలీలు నష్టపోయెదరు. 2005 చట్టము ప్రకారము మండలమున వ్రాతమూలకముగా అందిన ఫిర్యాదును రిజిస్టరులో ఎక్కించి, ఏడు దినములలో పరిష్కరింపవలసి యుండెను. మస్టరు ముగిసిన 15 దినములలో కూలి అందనిచో, ఆపై దినమునకు నూటికి 0.05 వంతున పరిహారము కూడ కలదు.

ఇంకొక వైపును చూడవలెను. 2025 జులైలో మంత్రిత్వశాఖ రాష్ట్రములకు వ్రాసిన ఉత్తరువులో, పాత ఫోటోనే మరల ఫోటో తీసి పంపుట, పనికి సంబంధము లేని ఫోటోలు పెట్టుట వంటి అక్రమములను ఎత్తిచూపి, గ్రామ పంచాయతీ స్థాయిలో ఫోటోలన్నిటిని పరిశీలింపవలెనని ఆదేశించిరి. పరికరమెంత క్రొత్తదైనను మోసము చేయువాడు దానికొక దారి వెదకుచునే యుండును. కాని సిగ్నలు లేక ఫోటో పోనివానిని, దొంగ ఫోటో పెట్టినవానిని ఒకే గాట కట్టరాదు. ఈ రెంటిని వేరుచేసి చూపగలిగినది పనిచోటనే వ్రాసిన కాగితము. తేదీ, వచ్చినవారి పేర్లు, వారి సంతకములు లేక వ్రేలిముద్రలు, ఫోను ఎప్పుడు ఏమి చూపినదో ఒక ముక్క వ్రాసియుంచినచో అధికారి చేతికి ఆధారము చిక్కును. తెరపై కనుపించిన పొరపాటు సందేశమును ఇంకొకరి ఫోనుతో ఫోటో తీసియుంచుట మరియు మేలు. ఆపరేటరు దానిని చూచి చిక్కెక్కడిదో చెప్పగలడు.

2025 డిసెంబరులో పార్లమెంటు, సంవత్సరమునకు 125 దినముల పనిహామీతో, 2005 చట్టమునకు బదులుగా నూతన చట్టమును ఆమోదించినది. హాజరుకు, పర్యవేక్షణకు సాంకేతిక సాధనములను వాడుట అందును కలదు. కావున మీ పంచాయతీలో పని మొదలగునాటికే, పనిచోట ఫోను ఆగినచో ఎవరికి కబురు పంపవలెనో, వారు ఎన్ని గంటలకు దొరకుదురో గ్రామసభలో అడిగి, ఆ పేరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుకొనుడు.