ఇంగ్లీషులో అరిచి... అమ్మ భాషకి చేరిన బ్యాండ్

బటర్‌ఫింగర్స్ పాటల ప్రయాణం

మలేషియాలో కొన్నాళ్లు కాపురమున్నవాళ్లకి టాక్సీలోనో, మామక్ హోటల్లోనో ‘ఇసబెల్లా’ పాట ఒక్కసారైనా చెవిన పడే ఉంటుంది. మన దగ్గర ‘శివ’ సినిమా కుర్రకారుని ఊపేసిన 1989లోనే ఇక్కడి కుర్రకారుని ఊపేసిన పాట అది. మలేషియా రాక్ గురించి మనలో చాలామందికి తెలిసింది అక్కడితో సరి! ఊర్నుంచి చుట్టాలొస్తే ట్విన్ టవర్స్, గెంటింగ్, బతు కేవ్స్ అన్నీ తిప్పి చూపిస్తాం గానీ, ఈ దేశపు కుర్రాళ్లు కట్టుకున్న పాటల జోలికి మాత్రం వెళ్లం.

అందుకే ఈ సంచికలో ‘బటర్‌ఫింగర్స్’ అనే రాక్ బ్యాండ్‌ని పరిచయం చేస్తున్నాం. నాలుగు ఆల్బమ్‌లు ప్రధానంగా ఇంగ్లీషులో చేసి పేరు తెచ్చుకుని, ఐదో ఆల్బమ్‌కి పూర్తిగా మలయ్ భాషకి మారిన బ్యాండ్ ఇది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలున్న మన ఇళ్లకి ఈ కథ పరాయిదేం కాదు.

పెద్దన్నలు

బటర్‌ఫింగర్స్ సంగతి అర్థం కావాలంటే ముందు వాళ్ల పెద్దన్నల్ని తలుచుకోవాలి. 1981లో జొహోర్ బారులో మొదలైన ‘సెర్చ్’ బ్యాండ్ 1985లో తొలి ఆల్బమ్ తెచ్చింది. దాని పేరు ‘చింతా బువాతన్ మలేషియా’, అంటే ‘మలేషియాలో తయారైన ప్రేమ’. నాలుగేళ్ల తర్వాత ‘ఫెనోమెనా’ ఆల్బమ్‌లో వచ్చిందే ఇసబెల్లా. బాణీ కట్టింది ఎం. నాసిర్, పాడింది ఏమీ. గిటార్లు పాశ్చాత్య హార్డ్ రాక్‌వే అయినా పాటలోని దిగులు మాత్రం అచ్చంగా ఈ నేలది. ఈ పాట ఇండోనేషియాలో కూడా ఇల్లిల్లూ తిరిగింది.

ఆ పేరుకి మూల్యం కూడా ఉంది. పొడుగు జుట్టు రాకర్లకి ప్రభుత్వ టీవీలో చోటు లేదని 1992లో హుకుం వచ్చింది. సెర్చ్, వింగ్స్ లాంటి పేరున్న బ్యాండ్ల వాళ్లే చివరికి జుట్టు కత్తిరించుకోవలసి వచ్చింది. పాట బాగుందా లేదా అన్నది పక్కకి పోయి, పాడేవాడి తల మీదకి వెళ్లింది చర్చ!

మరోవైపు, 1987లో ఆస్ట్రేలియాకి చదువుకోవడానికి వెళ్లిన మలేషియా విద్యార్థులు అక్కడే ‘క్రోమోక్’ అనే బ్యాండ్ పెట్టారు. హార్డ్ రాక్ కన్నా వేగంగా, ఇంకా గట్టిగా ఉండే థ్రాష్ మెటల్ వీళ్లది. పాటలు ఇంగ్లీషులో రాసుకున్నారు. పరాయి దేశంలో సొంత ఖర్చుతో, సొంత ఓపికతో ఏదైనా చేయడమంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు. టీవీ పిలవకపోయినా పాట బతుకుతుందన్న ధైర్యం తర్వాతి కుర్రాళ్లకి ఇలాంటివాళ్ల దగ్గర్నుంచే వచ్చింది.

చేతిలో ఏదీ నిలవనివాళ్లు

ఏ వస్తువు పట్టుకున్నా చేజార్చుకునే మనిషిని ఇంగ్లీషువాళ్లు బటర్‌ఫింగర్స్ అని వెక్కిరిస్తారు. 90ల తొలినాళ్లలో కౌలాలంపూర్ కుర్రాళ్లు కొందరు ఆ వెక్కిరింతనే పేరుగా పెట్టుకున్నారు. ఎమ్మెట్ పాడతాడు, గిటార్ వాయిస్తాడు. లోక్ రెండో గిటార్, కడాక్ బేస్, లోకో డ్రమ్స్.

అప్పటికి అమెరికాలోని సియాటిల్ నుంచి నిర్వాణా, మడ్‌హనీ లాంటి బ్యాండ్లు ‘గ్రంజ్’ అనే కొత్త రకం రాక్‌ని లోకమంతా పాకించాయి. మెరుపు బట్టలు, వేళ్ల విన్యాసాలు ఉండవు. గిటార్ శబ్దాన్ని పెడల్‌తో కావాలనే గరగరలాడిస్తారు. చరణం గొణుగుతున్నట్టు మెల్లగా నడిచి, పల్లవి దగ్గరకొచ్చేసరికి ఒక్కసారిగా కట్ట తెగుతుంది. కాస్త గిటార్, బోలెడంత కడుపుమంట ఉంటే ఎవరైనా మొదలుపెట్టొచ్చు. కౌలాలంపూర్ కుర్రాళ్లకి నచ్చింది సరిగ్గా అదే.

1996లో ‘1.2 మిల్లీగ్రామ్స్’, మరుసటి ఏడాదే ‘బటర్‌వర్త్ పుష్‌ఫుల్’ వచ్చాయి. పెనాంగ్ వెళ్లేటప్పుడు ఫెర్రీ ఎక్కే బటర్‌వర్త్ ఊరు గుర్తొచ్చిందా? పేర్లతో ఇలా ఆడుకోవడం వాళ్లకి సరదా. 1999లో ‘ట్రాన్సెండెన్స్’, 2001లో ‘మలేనియం’. మిలీనియం మాటలోకి మలయ్‌ని దూర్చేశారు. పాటలు ఇంకా ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నా, అట్ట మీద పేరు మాత్రం అప్పటికే ఇంటివైపు తిరిగింది.

ఏడు అక్షరాల కష్టం

2004లో వచ్చింది ‘సెలామత్ తింగల్ దునియా’. ‘సెలవిక, ప్రపంచమా’ అని అర్థం. పాటలన్నీ మలయ్‌లోనే.

సొంత భాషేగా, ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. ఓసారి పలికి చూడండి. ‘గుడ్‌బై వరల్డ్’ మూడు దెబ్బల్లో అయిపోతుంది. ‘సె-లా-మత్ తిం-గల్ దు-నియా’కి ఏడు కావాలి. ఇంగ్లీషు పొట్టి మాటలు గిటార్ దెబ్బకి మేకు దిగినట్టు దిగుతాయి. మలయ్‌లో మాటకి ముందో అతుకు, వెనకో అతుకు చేరి పొడుగు సాగుతుంది. అదే బాణీలో ఇరికిస్తే ఊపిరి ఆడదు. కాబట్టి మాటలొక్కటే మార్చితే చాలదు, బాణీ నడకే మారాలి. చాలా మాటలు అచ్చులతో ముగిసే మన తెలుగుని రాక్‌లో పెట్టాలని చూసిన ఏ కుర్రాణ్ణి అడిగినా ఈ అవస్థ చెబుతాడు.

ఈ మార్పులో నష్టభయం కూడా ఉంది. ఇంగ్లీషులో పాడితే సింగపూర్ అవతలి శ్రోత కూడా మనవాడే అనిపిస్తుంది. మలయ్‌లో పాడితే లోకం చిన్నదవుతుంది. ఇంగ్లీషు పాటలకి అలవాటుపడిన అభిమాని మొహం తిప్పుకోవచ్చు కూడా. అయినా మారారు. 2008లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ పేరు ‘కెంబాలి’, అంటే ‘తిరిగి రావడం’. అందులోని ‘మాతి హిదుప్ కెంబాలి’ (చచ్చి మళ్లీ బతకడం) వాళ్ల పాటల్లో బాగా పేరొచ్చినవాటిలో ఒకటి.

నల్ల టీషర్టంటే భయం

ఇదంతా ప్రశాంతంగా జరిగిపోయిందనుకోకండి. 2001లో ‘బ్లాక్ మెటల్’ గొడవ లేచింది. సైతాను పూజలు చేస్తున్నారంటూ పేపర్లు కోడై కూశాయి. బడుల్లో పిల్లల్ని నిలబెట్టి సోదాలు చేశారు. 2005 డిసెంబర్ 31 రాత్రి ఓల్డ్ క్లాంగ్ రోడ్డులోని ‘పాల్స్ ప్లేస్’లో ఓ రాక్ కార్యక్రమం మీద పోలీసులు పడి దాదాపు 380 మందిని పట్టుకెళ్లారు. డ్రగ్స్ పరీక్షలు చేసి చాలామందిని వదిలేశారు. ఆ కార్యక్రమం బటర్‌ఫింగర్స్‌ది కాదు. కానీ ఆ రోజుల్లో గిటార్ భుజాన వేసుకున్న ప్రతి కుర్రాడూ ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవలసిందే.

అలాంటి వాతావరణంలో ఒక రాక్ బ్యాండ్ అమ్మకీ నాన్నకీ అర్థమయ్యే భాషలో పాడింది. మాట అర్థమైతే భయం సగం తగ్గుతుంది. కొడుకు గది తలుపు వేసుకుని వింటున్నది ఏమిటో తండ్రి కూడా వినగలుగుతాడు. నచ్చకపోతే వాదించనూగలుగుతాడు!

అక్కణ్ణుంచి ఇంకా లోపలికి

కెంబాలి తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. మధ్యలో కొన్నిసార్లు మళ్లీ వేదిక మీద కలిశారు. గిటారిస్ట్ లోక్ ‘మోనోలోక్’ పేరుతో సొంత ప్రయాణం మొదలుపెట్టి మలయ్ సంప్రదాయంలోకి ఇంకాస్త లోతుగా దిగాడు. గాయని అతిలియాతో కలిసి చేసిన ‘కెకాండా అదిండా’ పాట పేరే చూడండి. పాతకాలపు రాజాస్థానాల కథల్లో భార్యాభర్తలు ఒకరినొకరు పిలుచుకునే పిలుపులవి. మన పౌరాణిక నాటకాల్లో ‘ప్రాణనాథా’, ‘దేవీ’ లాంటివన్నమాట. సియాటిల్ గరగరతో మొదలైన కుర్రాడు తాతల నాటి పిలుపుల దగ్గరకి చేరాడు. చేతిలో గిటార్ మాత్రం అలాగే ఉంది.

వినాలనుకునేవాళ్లకి ఒక సలహా. ముందు 1.2 మిల్లీగ్రామ్స్, తర్వాత సెలామత్ తింగల్ దునియా, ఆ తర్వాత కెంబాలి వినండి. మొదటిది కాస్త చెవులకి గట్టిగానే తగులుతుంది, ఓపిక పట్టండి. ఇంట్లో గిటార్ నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లని పక్కన కూచోబెట్టుకోండి.

చివరగా సంఘం పెద్దలకో మనవి. మన ఉగాది, సంక్రాంతి వేదికల మీద సినిమా పాటలకి డ్యాన్సులు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య ఒక్క పది నిమిషాలు, సొంతంగా పాట కట్టుకున్న పిల్లలకి ఇద్దాం. తొలిసారి ఇంగ్లీషులోనే పాడినా ఏమీ అనొద్దు. బటర్‌ఫింగర్స్‌కి ఇంటిదారి పట్టడానికి నాలుగు ఆల్బమ్‌లు పట్టింది మరి!