సిలోను పాటలు - ఇంటిల్లిపాది శ్రోతలు

నేడు ఇంట నలుగురుంటే నాలుగు సెల్‌ఫోనులు. ఎవరి పాట వారిది. మా పెద్దల కాలమున ఇంటికొక రేడియో ఉండుటే గొప్ప. అందులో మన సినిమా పాటలను సిలోను వినిపించుచుండెను. మన పాటలను పరదేశము నుండి వినవలసి వచ్చుటకు కారణమేమి?

1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాటలు అభిరుచిని చెరచునని వారి తలంపు. ఆకాశవాణిలో అవి కనుమరుగయ్యెను. శ్రోతలు అభిరుచిని మార్చుకొనలేదు. రేడియో ముల్లును త్రిప్పుకొనిరి! రెండవ ప్రపంచయుద్ధపు సైనికుల కొరకు ఉద్దేశించిన శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ప్రసారయంత్రము సిలోనుకు దక్కియుండెను. షార్ట్‌వేవ్ తరంగములు అయనావరణమును తాకి తిరిగి నేలకు వంగును. కనుకనే ఆ పాట సముద్రము దాటి, హెచ్చుచు తగ్గుచు, మన ఊళ్ళకు చేరెను.

ఆ యేడే ఆరంభమైన బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ పలికిన హిందుస్తానీ, ఉర్దూ చదివినవారికిని చదువనివారికిని ఒకే తీరున బోధపడెడిది. బుధవారము రాత్రి ఆ కంఠము మా ఇండ్లలో పరదాకు ఇరుప్రక్కల వినవచ్చెడిది. వరుస విషయమై అన్నదమ్ములకు తగవులు తప్పలేదు. అవియును ఆ పెట్టె చుట్టునే.

1957 అక్టోబరు 3న వివిధ భారతి వెలసి సినిమా పాటకు స్వదేశమున చోటు దొరికెను. సయానీ 2024లో కన్నుమూసిరి. పాటల స్థానములను వారు ‘పాయ్‌దాన్’ అనెడివారు. ఏ యేట ఏ పాట మొదటి పాయ్‌దాన్‌పై నిలిచెనో మా ఇంటి పెద్దలు ఇప్పటికిని తడుముకొనక చెప్పుదురు.